లేతరంగు అద్దాలున్న పికప్‌కు డోర్ వైజర్ల ఎంపిక: హైదరాబాద్ యజమానులకు సమగ్ర మార్గదర్శి

మే నెలాఖరులో ఉప్పల్ దగ్గర మండుటెండలో బయలుదేరిన పికప్ ఎల్బీనగర్ చేరేలోపే గాలివానలో చిక్కుకోవడం ఈ నగరంలో బండి నడిపేవారికి కొత్త కాదు. అద్దాలన్నీ ఎక్కించి కూర్చుంటే లోపలి తేమకు ముందు అద్దం మసకబారుతుంది. దించితే మోచేయి, సీటు, తలుపులోని పవర్ విండో స్విచ్చులు తడుస్తాయి. అద్దాన్ని అంగుళం దించినా వాన లోపలికి రాకుండా తలుపు ఫ్రేము పైఅంచున చిన్న చూరులా నిలిచే పట్టీనే మనవాళ్లు డోర్ వైజర్ అనీ, రెయిన్ వైజర్ అనీ అంటారు.

వస్తువు చిన్నది. బండి మీద పెట్టే ఖర్చులో దీని ధర లెక్కకు కూడా రాదు కాబట్టి, చాలామంది దుకాణంలో మొదట కనిపించిన సెట్టునే బిగించుకొని వస్తారు. మామూలు అద్దాలున్న బండికి ఆ తొందర వల్ల పెద్ద నష్టం ఉండదు. అద్దాలకు రంగు ఉన్న బండి సంగతి వేరు. అక్కడ వైజర్ రకం, రంగు, వెడల్పు, చివరికి దాన్ని బిగించే రోజు కూడా అద్దాన్ని బట్టే తేలాలి. అందుకే ఈ మార్గదర్శిలో వైజర్ల ప్రస్తావన రెండో అడుగున గాని రాదు.

మొదటి అడుగు: అద్దం రంగు ఎక్కడిదో తేల్చుకోండి

అద్దానికి రంగు రెండు విధాలుగా వస్తుంది. కంపెనీలో అద్దం తయారయ్యేటప్పుడే అందులో కలిసిపోయిన లేత ఆకుపచ్చ లేదా బూడిద రంగు ఒకటి. తరువాత లోపలివైపు అంటించిన ఫిల్మ్ మరొకటి. తేడా తెలియాలంటే అద్దాన్ని సగం దించి, పైఅంచును పగటి వెలుగులో దగ్గరగా చూడండి. ఫిల్మ్ ఉంటే అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల కింద సన్నని కోత గీత కనిపిస్తుంది, గోటితో తడిమితే తగులుతుంది. కంపెనీ రంగైతే అటువంటి గీత ఏదీ ఉండదు, పైగా అంచువైపు నుంచి చూసినప్పుడు ఆ రంగు మరింత చిక్కగా కనబడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో బండి కొన్నవారు ఈ పరీక్షను తప్పక చేయాలి, ఎందుకంటే పాత యజమాని ఏం అంటించాడో కాగితాల్లో ఉండదు.

ఇక్కడే చట్టం సంగతి కూడా చూసుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కంపెనీలో తయారైన రంగు అద్దం ఈ పరిమితుల్లో ఉంటే చెల్లుతుందని చెబుతూ, తరువాత అంటించే ఫిల్మ్‌లను మాత్రం వాటి చిక్కదనంతో నిమిత్తం లేకుండా నిషేధించింది. ఆ తరువాత సవరించిన నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి రాగా, వాటి ఆధారంగా 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు 70, 50 శాతాల పరిమితిని పాటించే ఫిల్మ్‌కు జరిమానా వేయరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు కాగితం డాష్‌బోర్డులో పెట్టుకొని మన నగరంలో నల్ల ఫిల్మ్‌తో తిరగవచ్చని మాత్రం అనుకోకండి. తనిఖీల్లో పోలీసులు రోడ్డుపక్కనే ఫిల్మ్‌ను పీకించిన సందర్భాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. పసుపు బోర్డు బండికి ఫిట్‌నెస్ పరీక్ష కూడా ఉంటుంది కనుక అక్కడ మరోసారి బయటపడుతుంది.

కాబట్టి మీ అద్దాలకు చిక్కటి ఫిల్మ్ ఉంటే ముందు దాన్ని తీయించండి, వైజర్ల మాట ఆ తరువాత. ఈ వరుస ఎందుకు ముఖ్యమంటే, వైజర్ బిగించాక ఫిల్మ్ తీసేవారికి అద్దం పైఅంచు దగ్గర చేయి ఆడదు, బ్లేడు వైజర్‌కు గీసుకుంటుంది, ఫిల్మ్‌ను మెత్తబరచడానికి కొట్టే వేడిగాలికి ప్లాస్టిక్ వంకర తిరగవచ్చు. పరిమితిలో ఉందో లేదో తెలియని ఫిల్మ్ అయితే, వెలుతురు శాతం చూపే చిన్న మీటరు ఉన్న దుకాణంలో కొలిపించండి. కంటి అంచనా ఈ విషయంలో ఎవరికీ నిలవదు.

రెండో అడుగు: లోపల దూర్చేదా, బయట అంటించేదా

మార్కెట్లో వైజర్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, అద్దం జారే ఛానల్ రబ్బరుకూ ఫ్రేముకూ మధ్య సందులో అంచు దూర్చి నిలబెట్టేది. రెండోది, వెనుక ఉన్న రెండు ముఖాల టేపుతో తలుపు ఫ్రేము బయటివైపు అంటించేది. ఈ రెండో రకంలో మంచివాటికి టేపుతోపాటు చిన్న లోహపు క్లిప్పులు కూడా వస్తాయి.

చూడటానికి మొదటి రకమే బాగుంటుంది. ఫ్రేములో కలిసిపోయి, కంపెనీ నుంచే అలా వచ్చిందన్నట్టు కనిపిస్తుంది. బయటకు తక్కువగా పొడుచుకు రావడం వల్ల గాలి చప్పుడు కూడా తక్కువే. ఇబ్బందల్లా ఛానల్‌లో చోటు దగ్గరే వస్తుంది. అద్దానికి సరిగ్గా సరిపడేలా చేసిన సందులోకి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దూరినప్పుడు అద్దం ఎక్కే ప్రతిసారీ లోపలివైపుకు నెట్టబడుతుంది. రంగు కంపెనీ అద్దంలోనే ఉంటే ఆ ఒత్తిడి రబ్బరు మీద మాత్రమే పడి, కొన్ని వారాల్లో రబ్బరు సర్దుకుంటుంది. ఫిల్మ్ ఉండేది అద్దానికి లోపలివైపు కదా, నెట్టుడంతా దాని మీద పడుతుంది: ఫిల్మ్ పైఅంచు లోపలి రబ్బరు పెదవికి రాసుకొని, మొదట తెల్లబారి, తరువాత చిన్న చిన్న పొరలుగా లేస్తుంది.

ఇది నాకు ఖర్చుతో తెలిసిన పాఠం. నా డబుల్ క్యాబ్ బండికి పరిమితిలో ఉండే లేత ఫిల్మ్ వేయించిన నాలుగో రోజున ఒక దుకాణంలో ఛానల్‌లో దూర్చే వైజర్లు బిగించారు. ఫిల్మ్ వేసి ఎన్నాళ్లయిందని వారు అడగలేదు, నేనూ చెప్పలేదు. డ్రైవరు వైపు అద్దం సగానికి పైగా ఎక్కి, ఏదో అడ్డం వచ్చినట్టు తనంతట తానే కిందికి దిగిపోవడం మొదలుపెట్టింది. పిల్లల చేతులు నలగకుండా ఉండేందుకు పెట్టిన భద్రతా ఏర్పాటు ఆ బిగువును చెయ్యి అనుకుంటోందని అర్థమయ్యేలోపే, పది పదిహేనుసార్లు ఎక్కించి దించడంతో ఫిల్మ్ అంచు అరచెయ్యంత మేర లేచిపోయింది. వైజర్ ధరకు రెట్టింపు పెట్టి ఫిల్మ్ మళ్లీ వేయించాను.

అందుచేత నా సలహా స్పష్టంగానే ఉంటుంది. అద్దానికి ఫిల్మ్ ఉంటే బయట అంటించే రకమే తీసుకోండి. కంపెనీ రంగు అద్దమై, అద్దాలను చేత్తో తిప్పి ఎక్కించే మామూలు పికప్ అయితే రెండింట్లో ఏదైనా నడుస్తుంది. కంపెనీ రంగు అద్దమే అయినా ఒక్క నొక్కుతో పూర్తిగా ఎక్కే పవర్ విండో ఉంటే, ఛానల్ రకాన్ని కొనేముందు ఒక్క తలుపుకు మాత్రమే దూర్చి, అద్దం ఆగకుండా ఎక్కుతోందో లేదో దుకాణం ముందే చూడండి. కొద్దిగా బిగువుగా ఉంటే ఛానల్ రబ్బరులో సిలికాన్ స్ప్రే కొడితే సరిపోతుంది. అప్పటికీ అద్దం వెనక్కి దిగిపోతూ ఉంటే ఆ సెట్టు మీ బండిది కాదు. అద్దాన్ని చేత్తో పైకి లాగుతూ ఎక్కించమనే సలహాను వినకండి, కాలిపోయేది తలుపులోని మోటారు.

మూడో అడుగు: వైజర్ రంగు

నల్లటి అద్దానికి నల్లటి వైజరే అందమని దుకాణదారు చెబుతాడు. బయటినుంచి చూసేవారికి అది నిజమే. లోపల కూర్చొని నడిపేవారికి లెక్క వేరు, ఎందుకంటే ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు రంగు పొరల గుండా వచ్చే వెలుతురును గుణించి చూడాలి. 50 శాతం వెలుతురునిచ్చే అద్దం ముందు 50 శాతమే ఇచ్చే వైజర్ నిలిస్తే ఆ పట్టీలో మీ కంటికి చేరేది 25 శాతం. వైజర్ మరింత చిక్కగా ఉండి 20 శాతమే ఇస్తే చేరేది 10 శాతం. పగలు ఇది చల్లగా, హాయిగా అనిపిస్తుంది. రాత్రి వానలో, వీధిదీపాలు సరిగా లేని చోట ఆ పట్టీ వెనుక ఉన్న ద్విచక్రవాహనం కనిపించదు.

పికప్‌కు ఈ విషయం కారు కంటే ఎక్కువ వర్తిస్తుంది. వెనుక ట్రేలో కూరగాయల క్రేట్లో, ప్లైవుడ్ షీట్లో క్యాబ్ ఎత్తు దాటి నింపితే లోపలి మిర్రర్‌లో కనిపించేది ఆ సరుకే. వెనుక వచ్చేదంతా రెండు పక్కల సైడ్ మిర్రర్లలోనే చూడాలి. ఆ మిర్రర్లను చూసేది ముందు తలుపు అద్దం గుండానే. సాధారణంగా మిర్రర్ వైజర్ కంటే కిందే ఉంటుంది కాని, వైజర్ ముందుకొన ముందు స్తంభం వెంట కిందికి దిగే చోట కొన్ని డిజైన్లు వెడల్పుగా ఉండి, మిర్రర్ పైమూలను కప్పేస్తాయి. సీటు పైకి పెట్టుకొని కూర్చునే పొడగరులకు ఇది మరీ ఇబ్బంది. మీరు రోజూ కూర్చునే భంగిమలో కూర్చొని, వైజర్‌ను ఒకరు బయట పట్టుకోగా, రెండు మిర్రర్లూ పూర్తిగా కనిపిస్తున్నాయో లేదో చూడకుండా కొనవద్దు.

కాబట్టి రంగు అద్దాలకు లేత పొగరంగు వైజర్లే తగినవి. దుకాణాల్లో వీటిని లైట్ స్మోక్ అంటారు. కొన్ని పొగరంగులు గోధుమ ఛాయలోకి, కొన్ని బూడిద ఛాయలోకి దిగుతాయి. కంపెనీ ఆకుపచ్చ అద్దం పక్కన గోధుమ ఛాయ మురికిపట్టినట్టు కనిపిస్తుంది కనుక బూడిద ఛాయనే అడగండి. ట్యూబులైటు కింద కాకుండా దుకాణం బయట ఎండలో అద్దం మీద పెట్టి చూస్తేనే ఛాయ తెలుస్తుంది. వెలుతురు ఏమాత్రం చొరని నల్లటి ఏబీఎస్ ప్లాస్టిక్ వైజర్లు వెనుక తలుపులకు ఫరవాలేదు, ముందు తలుపులకు వద్దు. అంచున క్రోమ్ గీత ఉన్నవి మీ ఇష్టం. నాకు మాత్రం సాయంత్రపు ఎదురెండలో ఆ మెరుపు కంట్లో పొడిచినట్టుంటుంది, రెండేళ్లకు ఆ పూత పొలుసులుగా రాలడం కూడా చూశాను.

నాలుగో అడుగు: ప్లాస్టిక్, టేపు

పారదర్శక వైజర్లు ఎక్కువగా అక్రిలిక్‌తోనో పాలీకార్బొనేట్‌తోనో తయారవుతాయి. అక్రిలిక్ గట్టిగా, నిగనిగలాడుతూ ఉండి ఎండకు త్వరగా పసుపెక్కదు. దెబ్బ తగిలితే మాత్రం పదునైన ముక్కలుగా పగులుతుంది. పాలీకార్బొనేట్ వంగుతుంది గాని సులువుగా విరగదు. అయితే దానికి ఎండనుంచి కాపాడే పైపూత లేకపోతే మన ఎండలకు పసుపెక్కి మసకబారుతుంది, గీతలు కూడా తొందరగా పడతాయి. ఎప్పుడూ నీడలో నిలిపే ఇంటి బండికి అక్రిలిక్ చాలు. సరుకు ఎక్కించేటప్పుడు తాళ్లు, టార్పాలిన్ కొక్కేలు తలుపులకు తగిలే బండికి పైపూత ఉన్న పాలీకార్బొనేట్ మేలు.

టేపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వైజర్లు ఊడేది ఎక్కువగా టేపు దగ్గరే. ప్లాస్టిక్ వేడికి ఇనుము కంటే అయిదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. ముందు తలుపు వైజర్ పొడవు 80 సెంటీమీటర్లు అనుకుందాం. తెల్లవారుజాముకూ మధ్యాహ్నపు ఎండలో కాగిన తలుపుకూ మధ్య 40 డిగ్రీల తేడా ఉంటే, వైజర్ రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, దాన్ని మోసే ఇనుప ఫ్రేము అర మిల్లీమీటరు కూడా సాగదు. ఆ తేడాను రోజూ ఓర్చుకోవలసింది మధ్యనున్న టేపే. మెత్తని నురుగులా ఉండి, మిల్లీమీటరుకు తగ్గని మందం ఉన్న అక్రిలిక్ ఫోమ్ టేపు ఆ సాగుడును తనలో కలుపుకుంటుంది. కాగితంలా పలచని టేపు ఒక్క వేసవిలో కొనల దగ్గర లేస్తుంది. సెట్టు బాగుండి టేపు నాసిరకమైతే దుకాణంలోనే మంచి టేపు మార్పించి తీసుకోండి. క్లిప్పులు ఉన్న సెట్టైతే, టేపు ఎప్పుడైనా విడిచినా వైజర్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెనుక బండి ముందు అద్దానికి తగలకుండా అవి పట్టి ఉంచుతాయి.

అయిదో అడుగు: మీ బండికే చేసిన సెట్టు

పికప్ పేరు ఒక్కటే చెబితే చాలదు. క్యాబ్ సింగిలా డబులా, తయారైన సంవత్సరం, ఏ రూపాంతరం అనే మూడూ చెప్పాలి. టయోటా హైలక్స్‌కూ ఫార్చ్యూనర్‌కూ అడుగుభాగం ఒకే కుటుంబానిది కదా అని ఫార్చ్యూనర్ వైజర్లను చేతిలో పెట్టేవారు ఉంటారు; వెనుక తలుపు గీత కలవదు. ఇసుజు డీ మ్యాక్స్, మహీంద్రా బొలెరో క్యాంపర్ వంటి వాటికి కూడా ఆ మోడల్ పేరుతో చేసినవే అడగండి. అన్ని బండ్లకూ సరిపోతుందనే పట్టీ వైజర్ ఏ బండికీ సరిగా కూర్చోదు.

రాణీగంజ్ విడిభాగాల బజారులోనూ, ఆటోనగర్‌లోనూ వెతికితే దొరకని మోడల్ అరుదు. వెళ్లేముందు ముందు తలుపు ఫ్రేము పైఅంచును, వంపు తిరిగే చోటును ఫోన్‌లో ఫొటో తీసి, టైలరు టేపుతో పొడవు కొలిచి రాసుకోండి. దుకాణంలో టేపు కాగితం ఊడదీయకుండానే నాలుగింటినీ తలుపులపై పెట్టి చూడాలి. ఎక్కడా బలవంతంగా వంచి నొక్కవలసిన అవసరం రాకూడదు. వంచి అంటించిన ప్లాస్టిక్ ఎప్పుడూ తన పాత ఆకారానికి పోవాలనే చూస్తుంది. అద్దం నుంచి వైజర్ ఎంత బయటకు నిలుస్తుందో కూడా గమనించండి. మరీ బయటకు పొడుచుకొస్తే గంటకు 80 దాటగానే ఈల వినిపిస్తుంది. మరీ దగ్గరగా ఉంటే గాలి ఆడదు, మధ్యలో చిక్కిన దుమ్ము అద్దాన్ని గీస్తుంది.

ఆరో అడుగు: బిగించడం

కొత్త ఫిల్మ్ వేయించి ఉంటే, దాన్ని వేసినవారు చెప్పిన గడువు పూర్తయ్యేవరకు ఆగండి. ఎంత తక్కువైనా వారం రోజులు పోనివ్వడం మంచిది. అద్దాలు దించకుండా ఉండవలసిన ఆ రోజుల్లో వైజర్ బిగింపు పెట్టుకుంటే ఎవరో ఒకరు అలవాటుగా స్విచ్చు నొక్కుతారు.

ఎండ తగలని చోట, తలుపు ఇనుము చేతికి గోరువెచ్చగా ఉండే పూట ఎంచుకోండి. హైదరాబాద్‌లో వేసవిలో ఉదయం ఎనిమిదిలోపు, వానాకాలంలో తెరిపిచ్చి ఫ్రేము పూర్తిగా ఆరిన తరువాత. షాంపూ నీటితో కడిగి తుడిచాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సమానంగా నీళ్లు కలిపి, ఫ్రేములో టేపు అంటే భాగాన్ని మాత్రమే తుడవండి. మైనపు పాలిష్ మిగిలి ఉంటే ఏ టేపూ నిలవదు. పెట్రోలు, థిన్నరు దరిచేరనీయకండి. ఆల్కహాల్‌ను వైజర్ మీద కూడా రాయవద్దు, బిగువులో ఉన్న అక్రిలిక్‌కు దానివల్ల సన్నని నెర్రెలు వస్తాయి.

వైజర్‌ను స్థానంలో పెట్టి పెయింటర్లు వాడే కాగితపు టేపుతో గుర్తులు పెట్టుకోండి. టేపు రక్షణ కాగితాన్ని మొత్తం ఊడదీయకుండా రెండు కొనల్లో రెండంగుళాలు విప్పి బయటకు మడిచి, వైజర్‌ను గుర్తుల మధ్య నిలిపి, ఆ కొనలను పట్టుకొని మిగతా కాగితాన్ని మెల్లగా లాగాలి. తరువాత బొటనవేలితో ఒక కొననుంచి రెండో కొనదాకా ప్రతి చోటా గట్టిగా నొక్కి పట్టుకోండి. ఫోమ్ టేపు మామూలు ఉష్ణోగ్రతలో ఇరవై నిమిషాలకు సగం పట్టు, ఒక రోజుకు 90 శాతం పట్టు, మూడు రోజులకు పూర్తి పట్టు సాధిస్తుంది. కనుక ఆ మూడు రోజులూ బండి కడగవద్దు, పైపు నీళ్లు కొట్టవద్దు. ఛానల్ రకమైతే దూర్చిన తరువాత అద్దాలను పూర్తిగా ఎక్కించి ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచాలి.

తరువాత వాడకం

వైజర్ ఉన్నందువల్ల ఎండలో నిలిపిన క్యాబ్ చల్లగా ఉంటుందని ఆశించవద్దు. అంగుళం సందుతో లోపలి వేడి చాలా స్వల్పంగానే తగ్గుతుంది, ఉక్క వాసన పోవడం వరకే దాని మేలు. అసలు ప్రయోజనం మనిషి లోపల ఉన్నప్పుడే: బాటసింగారం పండ్ల మార్కెట్లో తెల్లవారుజాము వేలంకోసం రాత్రంతా లైనులో ఆగి, వానలో క్యాబ్‌లోనే కునుకు తీసే డ్రైవరుకు ఆ అంగుళం గాలి విలువ తెలుసు. ఎవరూ లేకుండా నిలిపి వెళ్లేటప్పుడు మాత్రం అద్దాలు పూర్తిగా ఎక్కించాలి, వంచిన తీగ దూరడానికి అంగుళం చాలు.

శుభ్రానికి షాంపూ నీళ్లు, మెత్తని గుడ్డ సరిపోతాయి. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్లు ఫిల్మ్‌నూ పాడుచేస్తాయి, ప్లాస్టిక్‌నూ పాడుచేస్తాయి. ఏటా జూన్‌కు ముందు నాలుగు వైజర్ల కొనలనూ వేలితో కదిపి చూడండి. కొన లేచి ఉంటే సూపర్ గ్లూ పూయవద్దు. అది ఎండాక గాజుపెంకులా బిరుసెక్కి, వైజర్ సాగే ప్రతిసారీ పగులుతుంది, పోతూ పోతూ పెయింటును తీసుకుపోతుంది. పూర్తిగా తీసి కొత్త టేపు వేయడమే సరైన పని. తీసేటప్పుడు జుట్టు ఆరబెట్టే డ్రయరుతో టేపును గోరువెచ్చగా చేసి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని వైజర్‌కూ ఫ్రేముకూ మధ్య దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే, పెయింటు మీద గీత పడకుండా వైజర్ చేతికి వస్తుంది. డ్రయరు మూతిని మాత్రం ఫిల్మ్ ఉన్న అద్దం వైపు తిప్పకండి.